గాజు పలక అవతలి పావురం

స్టీన్‌బెక్,
గురువారం, 23 ఫిబ్రవరి 1961.

లా లూవియేర్‌లో ఉంటున్న శ్రీయుతులు కమీల్ లోతెన్స్ గారికి,

స్టీన్‌బెక్ నుంచి ఓడీల్ బ్రాకె నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నా భార్య ఇర్మా ఆరోగ్యం విషయంలో ఫిర్యాదు చేసుకోవలసినంత అధ్వాన్నంగా లేము. తమరూ, తమ అక్కగారూ అక్కడ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. గారు, తమరు అంటుంటే మునిసిపాలిటీ నోటీసులా ఉంది. బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం, ముప్ఫై ఏళ్ళు ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళం. ఈ పన్నెండేళ్ళు అనుకోలేదు కనక ఆ హక్కు ఇంకా మిగిలి ఉందో లేదో తెలియదు. అయినా నువ్వు అనే రాస్తాను. నచ్చకపోతే చింపెయ్యి, కాకపోతే మొత్తం చదివి చింపు.

ముందు ఊరి కబుర్లు. ఫ్లోరిమోన్ తన బీరు కొట్టులో టెలివిజన్ పెట్టాడు. ఆదివారం పావురాలు తిరిగొచ్చే వేళకి సగంమంది ఆకాశం వంక కాకుండా ఆ పెట్టె వంక చూస్తున్నారు. ఫాదరు గారు మారారు. కొత్తాయన చర్చి మెట్ల మీద పావురాల రెట్ట గురించి ప్రసంగంలో ఒక మాట అనేసరికి మా పావురాల సంఘం వాళ్ళు సగంమంది పూజకి వెళ్ళడం మానేశారు. ఇర్మాకి మోకాళ్ళు పట్టేశాయి. అటక మీది గూటికి ఎక్కలేక, కింద నిలబడే నన్నూ పావురాల్నీ కలిపి తిడుతుంది. నా కుడి భుజం పని చెయ్యడం లేదు. పెద్ద అద్దాలు మొయ్యడం మానేసి కిటికీ ముక్కలు మాత్రం బిగిస్తున్నాను.

జనవరిలో మీ మేనల్లుడు ఉర్బెన్ సైకిళ్ళ పని మీద ఇటు వచ్చాడు. నీ గురించి అడిగాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు. మా మామయ్య ఇంట్లో ఒక్క పావురం కూడా లేదండీ, పక్కింటివాళ్ళవి మా కప్పు మీద వాలితే తల తిప్పుకుని లోపలికి పోతాడండీ అన్నాడు. ఆ రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలని చూస్తున్నాను.

సంగతి నీకు తెలిసిందే అయినా మొదటి నుంచీ రాస్తాను. ఎందుకంటే దీన్ని ఆదివారం సంఘం సభలో చదవబోతున్నాను. అక్కడ ఇప్పుడున్న కుర్రాళ్ళకి నీ పేరు తప్ప నీ కథ తెలియదు. వాళ్ళకి తెలిసిన కథ ఒక్క ముక్క: లోతెన్స్ అనేవాడు పావురానికి సూది పొడిచి పందెం గెలిచాడు, దొరికిపోయాడు.

1949 సంవత్సరం. దక్షిణాన సరిహద్దు అవతల బూర్జ్ నుంచి పావురాల్ని వదిలే పందెం, పెంటెకోస్తు ఆదివారం, జూన్ ఐదు. ఆ ఏడు నువ్వు ఎగరేసింది నీ నీలిరంగు పావురాన్ని, నీలోణ్ణి. దాన్ని పెళ్ళాం లేని పోతుగా ఎగరేశావు. మనవాళ్ళందరూ చేసేదే అది. జంటని కలుపుతాం, పెట్ట గుడ్లు పెడుతుంది, రెండూ వంతులేసుకుని పొదుగుతాయి. నాలుగైదు రోజులు కాగానే పెట్టను తీసి పక్క అరలో పడేస్తాం. పోతు ఒంటరిదవుతుంది. పందేనికి పంపితే, ఇంటికెళ్తే అది కనబడుతుందేమోనని రెక్కలు విరిగేలా ఎగిరొస్తుంది. మనుషులకి చేస్తే జైల్లో వేసే పని ఇది. పావురాలకి చేస్తే కప్పు ఇస్తారు.

నీలోడు పదకొండూ పద్నాలుగుకి నీ గూటిలో దిగింది. దాని తరవాత తొమ్మిది నిమిషాలు ఆకాశంలో ఈగ కూడా లేదు. రెండోది దిగింది నా గూటిలో. నాకు అసూయ వేసింది. తొమ్మిది నిమిషాలంటే ఓడిపోవడం కాదు, నవ్వులపాలు కావడం. ఆ ఏటి మొదటి బహుమతి కుట్టుమిషను. ఇర్మా దాన్ని షాపు కిటికీలో చూసి అప్పటికే ఎక్కడ పెట్టాలో అనుకుని ఉంది.

సాయంత్రం గెలిచిన పావురాల్ని ఫ్లోరిమోన్ కొట్టుకి తేవడం, అందరూ చేతుల్లోకి తీసుకుని చూడడం ఆనవాయితీ. అందరి తరఫునా ముందు పట్టుకునే చెయ్యి నాది. పావురాన్ని పట్టుకుంటే దాని బరువు, అది ఎన్ని రోజులుగా గుడ్ల మీద ఉందో, ఈక రాల్చడానికి ఎన్నాళ్ళుందో చెప్పేవాణ్ణి. ఓడీల్ చెయ్యి అబద్ధం చెప్పదురా అని నువ్వే పదిసార్లు అన్నావు.

నీలోణ్ణి అందుకున్నాను. రొమ్ము గట్టిగా ఉంది. రెక్క బాగుంది. బొటనవేలు మెడ కిందికి, మేత సంచి మీదికి పోనిచ్చాను. రెండు పక్కలా దళసరిగా, తడి కంబళి పట్టుకున్నట్టు తగిలింది. పిల్లలున్న పావురానికి తప్ప అలా ఉండదు. దీనికి పాలు దిగాయిరా అన్నాను. అప్పటికి ఆ మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. ఆశ్చర్యపోయి అన్నాను.

కుర్రాళ్ళ కోసం ఇక్కడ రెండు ముక్కలు రాయాలి. మన దేశంలో పావురాలు పెంచేవాణ్ణి పావురాల పాలు పితికేవాడు అనే అంటారు కానీ ఆ పాలెక్కడివో ఆలోచించేవాళ్ళు తక్కువ. పావురం గుడ్ల మీద కూర్చున్న రెండో వారంలో దాని మేత సంచి గోడ మందమవుతుంది. పిల్లలు గుడ్డు పగిలి వచ్చే వేళకి ఆ గోడే పొరలుగా రాలి జున్నులా తయారవుతుంది. అదే పిల్లల నోట్లో పోస్తుంది. తల్లికీ దిగుతుంది, తండ్రికీ దిగుతుంది. తండ్రి పాలిచ్చే జాతి లోకంలో ఇంకేముందో నాకు తెలియదు. కానీ కూర్చోవాలి. గుడ్ల మీద కూర్చోని పావురానికి పాలు దిగవు. ఇది మా తాత చెప్పింది, వాళ్ళ తాత చెప్పింది, సంఘంలో ప్రతివాడూ ప్రాణం పెట్టి చెప్పేది.

ఫ్లోరిమోన్ బల్ల తుడుస్తూ నిన్ను అడిగాడు. ఏరా కమీలూ, నీ పోతు గుడ్ల మీంచి లేచి ఎన్నాళ్ళయిందిరా అన్నాడు. నువ్వు గొప్పగా, పదమూడు రోజులయిందిరా, ఐదో రోజునే విడదీశా, అందుకే అంత ఆవురావురుమంటూ వచ్చింది అన్నావు. నీ నోటితో నువ్వే చెప్పుకున్నావు. పదమూడు రోజులుగా గుడ్డు ముట్టని పావురానికి పాలు.

వెనక నుంచి ఎవడో, అయితే పాలు కబేళా నుంచి తెచ్చాడేమోరా అన్నాడు. అందరూ నవ్వారు. తరవాత నవ్వు ఆగింది. నువ్వు పనిచేసేది ఔడెనార్డె కబేళాలో. ఎద్దు మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాన్ని తీసి మంచుడబ్బాలో వేసి మందుల కంపెనీకి పంపేవారు. ఆ డబ్బా నీ చేతి మీదుగానే పోయేది. ఆ గ్రంథి సారం సూదిలో ఎక్కిస్తే పావురానికి పాలు దిగుతాయని, ఇంటి దగ్గర పిల్లలున్నాయనుకుని పిచ్చెత్తినట్టు ఎగురుతుందని అంతకు ముందు ఏడే ఒక ఏజెంటు చిన్న చిన్న గాజు బుడ్లు పట్టుకొచ్చి మనకి కథలు చెప్పి వెళ్ళాడు. వాణ్ణి తరిమేసి, సూది పట్టినవాడి పేరు కొట్టేయడమే అని రూలు రాసుకున్నాం. ఆ రూలు కింద మొదటి సంతకం నీది.

నిన్ను నిలబెట్టి అడిగారు. ఈ పావురానికి మామూలుగా చేసేది కాక ఇంకేమైనా చేశావా అని. నువ్వు నోరు తెరిచావు. గుమ్మం దగ్గర నిలబడ్డ నీ భార్య జుల్మా వంక చూశావు. మళ్ళీ మూసుకున్నావు. ఏమీ చెయ్యలేదన్నావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆ చూపు. అక్కడున్న ఇరవై మందీ అదే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

ఆ తరవాత నీకు కోపం వచ్చింది. మీకు నా మాట మీద నమ్మకం లేకపోతే కోసి చూసుకోండిరా, మొక్కజొన్న గింజలు తప్ప ఇంకేముంటుందో చూద్దాం అని అరిచి, నా చేతిలోంచి నీలోణ్ణి లాక్కుని మెడ విరిచి బల్ల మీద పడేశావు. అలాంటి పావురం మన ఊళ్ళో మళ్ళీ పుట్టలేదు. ఫ్లోరిమోన్ పెళ్ళాం బంగాళాదుంపలు చెక్కే కత్తి తెచ్చింది. కోసింది నేను. లోపల గింజలు లేవు. జున్ను ఉంది. సంచి గోడలు రెండు పక్కలా వేలి మందాన ఉన్నాయి. నువ్వు చూశావు. నీ ముఖం నేను చూశాను. అది దొరికిపోయినవాడి ముఖం కాదని ఇప్పుడు రాయగలను. తనకే ఏమీ అర్థంకాని మనిషి ముఖం అది. ఆ రోజు మాత్రం ఎవడూ దాన్ని అలా చదవలేదు.

పేరు కొట్టేయాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. నా చెయ్యే ముందు లేచింది. నువ్వు మొదటి స్థానంలోంచి పోయావు కనక రెండోవాణ్ణి నేను మొదటివాణ్ణయ్యాను. కుట్టుమిషను మా ఇంటికి వచ్చింది.

ఇక గెంట్ సంగతి. మొన్న డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు, గెంట్‌లో ఒక ప్రయోగశాలకి గాజు పలకలు బిగించే పని తగిలింది. చిన్న పలకలే, భుజం మీద బరువు పడదని ఒప్పుకున్నాను. తీరా వెళ్ళి చూస్తే పావురాల బోనులు. ఒక్కో బోను మధ్యలో గాజు పలక బిగించాలి. కొన్నిటికి గాజు, కొన్నిటికి చెక్క. నాకు నవ్వొచ్చింది. అక్కడ గోదెలీవ అని ఒక అమ్మాయి ఉంది. తెల్లకోటు వేసుకుంది కానీ డైన్జె దగ్గర రైతు కూతురు, మాట పొలం మాటే. ఇదేం చోద్యమమ్మా, పావురాలకి అద్దాల మేడలా అన్నాను.

ఆ పిల్ల చెప్పింది విను. మెదడు కింది ఆ శనగగింజంత గ్రంథి ఒక హార్మోను వదులుతుంది. అది నెత్తురులో కలిసి మేత సంచి దాకా వస్తేనే పాలు. ఎద్దు గ్రంథి సారాన్ని పావురం మెడ కింద చర్మంలో ఒక పక్క మాత్రమే ఎక్కిస్తే ఆ పక్కే మందమవుతుంది, రెండో పక్క పలచగా కాగితంలా ఉండిపోతుంది. ఏ మందులో ఎంత బలం ఉందో వాళ్ళు అలాగే కొలుస్తారట. ఇంతవరకు ఏజెంటు చెప్పిందే కదా అని తలూపాను. మరి గాజు ఎందుకన్నాను.

పోతు నాలుగైదు రోజులు పొదిగాక దాన్ని గాజుకి ఇవతల పెడతాం బాబాయ్, పెట్టా గుడ్లూ అవతల ఉంటాయి, ఇది ముట్టుకోలేదు, ఊరికే చూస్తూ ఉంటుంది అంది. చూస్తే ఏమవుతుందన్నాను. పాలు దిగుతాయి, పెట్టకి దిగిన రోజే దీనికీ దిగుతాయి అంది. చెక్క పెట్టిన బోనుల్లో దిగవట. కూర్చోవడం మొదలుపెట్టాక కళ్ళ ముందు ఆ పెట్ట కూర్చుని ఉంటే చాలు, గ్రంథి తన పని ఆపదు అంది.

నేను ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా పావురాలు పెంచుతున్నానమ్మా, మాకు తెలియనిది నీ బోనులకి తెలుసా అన్నాను. ఆ పిల్ల, ముప్ఫై ఏళ్ళలో ఎన్నిటిని కోసి చూశావు బాబాయ్ అని అడిగింది. ఒక్కదాన్ని అన్నాను. మేం నూట నలభై కోశాం అంది. తరవాత ఒక పళ్ళెం తెచ్చి చూపించింది. గాజు వైపు పావురం మేత సంచీ చెక్క వైపుదీ పక్కపక్కన ఉన్నాయి. గాజు వైపుది నేను ఫ్లోరిమోన్ బల్ల మీద చూసిన సంచే. మిగిలిన పలకలు బిగించి, రైలెక్కి ఇంటికొచ్చాను.

నీ గూట్లో గాజు ఉందని నాకెలా తెలుసనుకుంటున్నావు? జుల్మా చెప్పింది. నీకు తెలియదేమో, 1949 అక్టోబరులో, నువ్వు పావురాల్ని వేలం వెయ్యడానికి ముందు ఆమె మా ఇంటికొచ్చింది. రొట్టెల కొట్టులో ఆమె నిలబడితే మిగతావాళ్ళు మాటలాపేస్తున్న రోజులవి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. లోపల ఇర్మా కుట్టుమిషను తొక్కుతూ ఉంది, ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతోంది. అన్నా, ఒక్క మాట అడుగుతాను, నీ చేతికి తెలియంది లేదంటారు, సూది లేకుండా పాలు దిగే దారి ఇంకోటి ఏదైనా ఉందా అన్నా అంది. లేదమ్మా అన్నాను.

ఆమె అంతటితో వెళ్ళలేదు. తన ఇల్లు ఎంత శుభ్రమో చెప్పుకొచ్చింది. మన ఆడవాళ్ళు అంతే కదా, మొగుడికి మచ్చ వస్తే ఇల్లు కడుగుతారు. ఈస్టరు ముందు పెద్ద శుభ్రం చేసేటప్పుడు గోడలూ కిటికీలూ అయ్యాక గూడు కూడా వదల్లేదట. నువ్వు పోతుల అరకీ పెట్టల అరకీ మధ్య పాత ట్రాము కిటికీ ఒకటి బిగించి, ఒకదానికొకటి కనబడకుండా దానికి సున్నం కొట్టి ఉంచావు. ఆమె ఆ సున్నం మురికనుకుని గీకి గీకి కడిగేసింది. నువ్వు నెత్తి కొట్టుకున్నావట. రెండు రోజులయ్యాక, నీలోడు ఆ గాజు దగ్గర నుంచి కదలడం లేదు, కళ్ళు మెరుస్తున్నాయి, దీనిలో ఏదో మర్మం ఉందే, ఊళ్ళో ఎవరితోనూ అనకు అన్నావట. అందుకే మేలో పొదిగే జంటని విడదీసినప్పుడు ఆ కిటికీకి ఆనించే నీలోడి పెట్టనీ గుడ్లనీ గూటితో సహా పెట్టావట.

అంటే సభలో నువ్వు నోరు తెరిచి మూసుకున్నది అందుకు. నీకు ఒక కొత్త కిటుకు దొరికిందనుకున్నావు. దాన్ని ఇరవై మంది ముందు బయటపెట్టడం ఇష్టం లేకపోయింది. మన పావురాలవాళ్ళ జాతిరోగం అది. పెళ్ళానికి చెప్పేది ఫాదరుకి చెప్పం, ఫాదరుకి చెప్పేది సంఘంలో చెప్పం. ఆ కిటికీ మాట అన్నా ఆ రోజు ఎవడూ నమ్మేవాడు కాదు, అది వేరే సంగతి. ఐదు రోజులు కూర్చున్న పోతు, పదమూడు రోజులు గాజులోంచి చూసి, పిల్లలు గుడ్డు పగిలే రోజుకి సరిగ్గా పాలు దింపుకుంది. సూది లేదు, మందు లేదు. నీ పావురం నిజంగానే గెలిచింది.

జుల్మా ఇవన్నీ చెప్పి, మళ్ళీ అడిగింది. అయితే ఇంకే దారీ లేదంటావా అన్నా అని. లేదు చెల్లెమ్మా, కూర్చోకుండా పాలు రావు అన్నాను. అప్పటికి మనవాళ్ళకి తెలిసింది అంతే. సరే అన్నా అని తలకి గుడ్డ సర్దుకుని వెళ్ళింది. నవంబరు ఆరున మీ గూడు మొత్తం వేలం వేశావు. నలభై రెండు పావురాలు మధ్యాహ్నానికల్లా నలభై రెండు ఇళ్ళకి పోయాయి. నీలోడి పెట్టని నేనే పాడుకున్నాను. క్రిస్మస్ లోపల మీరు ఊరు విడిచారు. జుల్మా 1955లో పోయిందని నాకు ఆరు నెలల తరవాత తెలిసింది. అప్పుడే రెండు ముక్కలు రాయాల్సింది.

ఈ ఆదివారం పూజ అయ్యాక ఫ్లోరిమోన్ కొట్టులో సంఘం సమావేశం ఉంది. ఈ ఉత్తరం నిలబడి చదువుతాను. నీ పేరు మళ్ళీ పుస్తకంలో రాయమని, 1949 బూర్జ్ మొదటి స్థానం నీ పేరు మీదికి మార్చమని అడుగుతాను. గోదెలీవ ఆ రోజు ఒక కాగితం మీద బొమ్మ వేసి ఇచ్చింది, గాజూ చెక్కా రెండూ ఉన్నాయి అందులో. అది కూడా చూపిస్తాను. నమ్మనివాడితో గెంట్ వెళ్ళి అడుగు అంటాను. తిలా పాపం తలా పిడికెడు అని వదిలించుకోవడానికి కాదు. ఆ రోజు చెయ్యి ముందు లేపింది నేను కనక దించాల్సిందీ నేనే.

నువ్వు మళ్ళీ పావురాలు పెంచాలని అడగను. కనీసం అవి వాలినప్పుడు తల తిప్పుకోనక్కరలేదు. మీ అక్కగారికి నమస్కారాలు చెప్పు.

చిన్ననాటి స్నేహితుడు అని రాయబోయి ఆగాను. ఆ మాట ఇంకా నిజమో కాదో నువ్వు చెప్పాలి.

ఓడీల్ బ్రాకె,
గాజు పనివాడు.

తా.క. సోమవారం, 27 ఫిబ్రవరి.

నిన్న సభలో పై ఉత్తరం మొదటి నుంచి సంతకం దాకా చదివాను. ఇరవై ఆరుగురు వచ్చారు. కుర్రాళ్ళు కూడా టెలివిజన్ ఆపమన్నారు. బొమ్మ చేతులు మారింది. నీ పేరు తిరిగి రాయాలన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఎత్తనివాడు లేడు. ఫ్లోరిమోన్ కళ్ళు తుడుచుకున్నాడు. పుస్తకం తెచ్చి అప్పుడే రాశారు, బూర్జ్ పందెం కూడా సరిచేశారు. నీకు కాగితం వేరే వస్తుంది.

తరవాత వాళ్ళు నా వైపు తిరిగారు. ఇన్నేళ్ళయ్యాక, ఎవరూ అడక్కుండానే తన తప్పు తాను చెప్పుకున్నవాడు ఓడీల్ ఒక్కడేరా, మనిషంటే వాడురా అన్నాడు ఫ్లోరిమోన్. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెల నన్ను అధ్యక్షుణ్ణి చేస్తారట. రెండు బీర్లు పోయించారు. తాగాను.

గెంట్‌కి నేను వెళ్ళింది మొన్న డిసెంబరులో కాదు. 1949 సెప్టెంబరులో. గోదెలీవ, గాజూ, పళ్ళెం, ఆ పిల్ల మాటలూ అన్నీ నిజం. తేదీ ఒక్కటే అబద్ధం. జుల్మా మా గుమ్మంలోకి వచ్చేసరికి నేను గెంట్ నుంచి తిరిగొచ్చి పదిహేడు రోజులు. ఆమె మొదటిసారి అడిగినప్పుడు లేదన్నాను. అప్పటికి మీ గూట్లో గాజు ఉందని తెలియదు కనక అది సగం అబద్ధం. ఆమె సున్నం కడిగిన సంగతి చెప్పింది. మొత్తం అర్థమైంది. ఆ తరవాత ఆమె రెండోసారి అడిగింది. అప్పుడు కూడా లేదన్నాను. మీ వేలానికి ఇంకా ఇరవై రోజులుంది.

ఇది నిన్న వాళ్ళకి చదవలేదు. ఇర్మాకి కూడా తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. ఇప్పుడెందుకు చెబుతున్నానో అంత బాగా తెలియదు. ఈ పేజీ విడిగా తీయడానికి వీలుగా వేరే కాగితం మీద రాశాను. దీన్ని వాళ్ళకి చూపించాలని నీకనిపిస్తే ఫ్లోరిమోన్ పేరున పంపు. నా చేతిరాత అక్కడ అందరూ గుర్తుపడతారు.